ఒక గోడ, ఒక మంత్రసాని, ముగ్గురు కొట్టేవాళ్ళు

'క్లాసు' అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏమనాలి? బడిలో అయితే తరగతి అంటాం. రాజకీయం మాట్లాడేటప్పుడు వర్గం అంటాం. రైలు పెట్టె దగ్గర క్లాసు అనే అంటాం, దాన్ని మార్చే సాహసం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. కంప్యూటరులో ఆడే కథల ఆటల్లో కూడా ఈ మాట ఉంది. అక్కడ దాని అర్థం వేరు. ఆటలోకి దిగేముందు మీ బొమ్మ ఎవరో మీరే చెప్పుకోవాలి. కత్తి పట్టేవాడా, మంత్రం వేసేవాడా, గాయాలు మాన్పేవాడా, చాటుగా వచ్చి వెన్నులో పొడిచేవాడా. ఆ ఎంపికకే క్లాసు అని పేరు. ఇది వృత్తికి దగ్గర. నన్నడిగితే కులవృత్తికి ఇంకా దగ్గర.

నేను హోసూరులో ఒక సహకార బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. ఆటల మనిషిని కాను. అయితే అంకె కనిపిస్తే కళ్ళు తిప్పుకోలేను. మావాడు 2010లో బెంగుళూరులో ఇంజనీరింగు చేరినాక, శనివారం ఇంటికి వచ్చినప్పుడల్లా రాత్రి రెండు దాకా కంప్యూటరు ముందే కూర్చునేవాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని ఒకరోజు పక్కన స్టూలు వేసుకున్నాను. తెర మీద మంటలు, కత్తులు, రాక్షసులు. వాటి తలల మీద ఎగిరే అంకెలు. దెబ్బకొక అంకె. ఇక లేవబుద్ధి కాలేదు.

ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలో బ్లిజార్డ్ కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసింది. ఎక్కడెక్కడి మనుషులో ఒకే ఊళ్ళో, ఒకే అడవిలో, ఒకే వేళకు తిరుగుతుంటారు. అలయన్స్, హోర్డ్ అని రెండు పక్షాలు. మొదట్లో తొమ్మిది క్లాసులు: యోధుడు, పాలడిన్, వేటగాడు, దొంగ, పూజారి, షామన్, మాంత్రికుడు, వార్‌లాక్, డ్రూయిడ్. వీటిలో పాలడిన్ అలయన్స్ వాళ్ళకే, షామన్ హోర్డ్ వాళ్ళకే. 2007 జనవరిలో ఆ అడ్డు తీసేశారు. జాతికీ క్లాసుకూ మధ్య ఉన్న ముడి మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఎద్దు తల ఉండే టారెన్ జాతివాడు మాంత్రికుడు కాకూడదు, దొంగ కాకూడదు. అంత భారీ మనిషి చప్పుడు కాకుండా ఎట్లా నడుస్తాడని కాబోలు. ఆ ముడి 2022లో గాని విప్పలేదు. అంటే పద్దెనిమిదేళ్ళు. మన ఊళ్ళల్లో ఇట్లాంటి ముడులకు ఎన్నేళ్ళు పట్టిందో, ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఇంకొక విచిత్రం. డబ్బు కడితే మీ బొమ్మ పేరు మార్చుకోవచ్చు. రూపం మార్చుకోవచ్చు. జాతి మార్చుకోవచ్చు. ఏకంగా పక్షమే మార్చుకోవచ్చు. క్లాసు మాత్రం ఎంత కట్టినా మార్చుకోలేరు. అది వద్దనుకుంటే ఇంకో బొమ్మను చేసుకోవాల్సిందే.

నేను స్టూలు వేసుకునేనాటికే పదో క్లాసు వచ్చి ఉంది. డెత్ నైట్, 2008 నవంబరులో. మావాడు 'చచ్చినోడు' అనేవాడు. మిగతా తొమ్మిదిమందీ ఒకటో మెట్టు మీద పుట్టి, తోడేళ్ళనూ అడవిపందులనూ కొట్టుకుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కాలి. చచ్చినోడు అప్పట్లో పుట్టడమే యాభై అయిదో మెట్టు మీద పుట్టేవాడు. అయితే ఆనాటి నియమం ఒకటుంది. అదే సర్వరులో మీకు అప్పటికే యాభై అయిదు మెట్లు ఎక్కిన బొమ్మ ఇంకొకటి ఉండాలి. పెద్దకొడుకు సంపాదించి పెడితే చిన్నవాడు కూర్చుని తిన్నట్టు.

వాడి కథ నాకు పట్టింది. ఎప్పుడో చచ్చిపోయినవాణ్ణి లిచ్ కింగ్ అనే రాజు లేపి తన కొలువులో పెట్టుకుంటాడు. ఆ రాజు చెప్పినట్టల్లా ఊళ్ళమీద పడి చంపాలి. మధ్యలో ఒక ఖైదీని చంపమని పంపిస్తారు. లోపలికి పోతే ఆ ఖైదీ మన జాతివాడే. మనల్ని గుర్తుపడతాడు. బతికి ఉన్నప్పుడు నువ్వు ఇట్లాంటివాడివి అని చెబుతాడు, గుర్తు తెచ్చుకోమని బతిమాలుతాడు. ఆటకు మాత్రం వేరే దారి లేదు, చంపితేనే ముందుకు సాగుతుంది. మావాడు మౌసు మీద చెయ్యి పెట్టుకొని కాసేపు ఊరకే ఉన్నాడు.

"ఏమాయెరా?" అన్నాను.

"ఏం లేదు నాయనా. ఈయప్ప చెప్పేది పూర్తిగా విని కొడ్దామని."

తర్వాత చచ్చినోళ్ళంతా రాజు మీద తిరగబడి బయటికి వస్తారు. తమ పక్షపు రాజధానికి పోతే అక్కడ జనం కుళ్ళిన పండ్లు విసురుతారు. కొత్త క్లాసును ఆటలోకి తెచ్చినవాళ్ళు దానికి ఎదురయ్యే చీదరింపును కూడా కథలోనే పెట్టారు. అది నాకు నచ్చింది.

ఇక మావాడి సంగతి. వాడికి తెలుగు చదవడం రాదు. మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం. వాడు చదివింది ఇంగ్లీషు బడి, రెండో భాష తమిళం. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒక్కటే వాడికి మా వైపునుంచి దక్కిన ఆస్తి. అది కూడా హోసూరు తెలుగు.

ఆటలో వాడికి తెలుగువాళ్ళు దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. 2011లో ఏదో గుహలో అయిదుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళు కలిసి పోరాడుతున్నారు. చెవులకు మైకులు తగిలించుకొని అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు. రాక్షసుడు ఒక దెబ్బ వేసేసరికి వాళ్ళలో ఒకడు "అయ్యో, సచ్చిన్రా!" అన్నాడు. షోలాపూరు అబ్బాయి. వాళ్ళ తాత మగ్గం పని మీద వలస పోయి అక్కడే ఉండిపోయాడట. ఆ ఒక్క అరుపుతో ఇద్దరయ్యారు. ఏడాది తిరిగేలోపు బరంపురం అబ్బాయి ఒకడు, యానాం అమ్మాయి ఒకతె, గుంటూరు అబ్బాయి ఒకడు చేరి అయిదుగురు కుదిరారు. నలుగురు బయటి తెలుగువాళ్ళు, ఒకడు లోపలివాడు.

గుంపుకు అయిదుగురే ఎందుకంటే, ఆటలో గుహ యుద్ధాలకు లెక్క అది. రాక్షసుడి కోపమంతా తన మీదికి తిప్పుకొని దెబ్బలు తినేవాడు ఒకడు. వాణ్ణి ఇంగ్లీషులో ట్యాంకు అంటారు, మావాళ్ళు గోడ అన్నారు. గాయాలు మాన్పేవాళ్ళు ఒకరు. యానాం అమ్మాయి పూజారి క్లాసు తీసుకొని ఆ పని చేసేది. "చచ్చినవాళ్ళనందర్నీ మళ్ళీ పుట్టిస్తున్నానండి, నేను మంత్రసానినే" అని తనకు తానే పేరు పెట్టుకుంది. మిగిలిన ముగ్గురూ కొట్టేవాళ్ళు. బరంపురం అబ్బాయి దొంగ, గుంటూరు అబ్బాయి మాంత్రికుడు, షోలాపూరు అబ్బాయి పాలడిన్. మావాడు తన చచ్చినోడితో గోడగా నిలబడేవాడు.

గొడవ వచ్చింది ఒక్క మాట దగ్గర. గోడ ముందుకు పోయి రాక్షసుణ్ణి తన వైపు తిప్పుకున్నాక గాని మిగతావాళ్ళు కొట్టకూడదు. మావాడు ఇంట్లో అలవాటైనట్టు "తాళు, తాళు" అన్నాడు. గుంటూరు అబ్బాయికి అది 'తోలు' అని వినిపించింది. తోలేశాడు. నిప్పుల గుండు నేరుగా రాక్షసుడికి తగిలింది, వాడు ఇటు తిరిగాడు, అయిదుగురూ చచ్చారు.

"ఆగు అనలేవా? తాళు ఏంటసలు? మీరు మాట్లాడేది తెలుగేనా, తమిళమా?" అన్నాడు ఆ అబ్బాయి. నవ్వుతూనే అన్నాడు. కానీ మన బోటి వాళ్ళకు ఆ ప్రశ్న కొత్తది కాదు కదా. విజయవాడలో హోటలు కుర్రాడు, తిరుపతి క్యూలో పక్కనున్న పెద్దమనిషి, సంబంధం చూడటానికి వచ్చిన చిత్తూరు చుట్టం, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతూనే అడిగి ఉంటారు. మావాడు ఏమీ అనలేదు. మరుసటి వారం నుంచి మైకులో ఇంగ్లీషే మాట్లాడాడు. ఒక నెల అట్లా జరిగింది. నేను స్టూలు మీద కూర్చొని వింటూనే ఉన్నాను. ఉన్న ఒక్క ఆస్తినీ వీడు పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాడే అని నాకు నిద్ర పట్టలేదు.

ఒక శనివారం వాడు అన్నం తినడానికి లేచినప్పుడు మైకు నేను తగిలించుకున్నాను. "బాబూ, నేను హోసూరు అబ్బాయి నాయనను. మీ గుంటూరులో బాధ తాళలేకపోతున్నాను అంటారా?" అని అడిగాను.

"అంటామండి."

"ఈ తాళు అదే. ఓర్చుకోమని చెప్పడం. తాళిమి అనే మాట విన్నావా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అంటే మీవాడు నన్ను ఓర్చుకోమన్నాడాండీ?" అన్నాడు. యానాం అమ్మాయి పకపకా నవ్వింది. షోలాపూరు అబ్బాయి "మా అవ్వ గూడ అంటది" అన్నాడు, నిజమో, మా మీద ప్రేమకొద్దీ అన్నాడో.

అప్పటినుంచి వాళ్ళు యుద్ధంలో వాడే మాటలు తెలుగులో చేసుకోవడం మొదలుపెట్టారు. ఇదేమీ భాషాసేవ కాదు. రాక్షసుడు మంత్రం మొదలుపెట్టినాక దాన్ని ఆపడానికి ఒకటి రెండు సెకన్లే ఉంటాయి. ఇంగ్లీషులో 'ఇంటరప్ట్' అనేలోపు 'ఆపు' అని రెండక్షరాల్లో అయిపోతుంది. నేల మీద మంట పడితే 'ఉరుకు', అది షోలాపూరు నుంచి వచ్చింది. పోదాం అనడానికి బరంపురం అబ్బాయి 'ఎల్దాం' అనేవాడు, అదే స్థిరపడింది. ఆగడానికి 'తాళు'. నిఘంటువులో ఏ మాట ఎవరిదని ఎవరూ అడగలేదు. ఏది ముందు నోట్లోంచి వస్తే అది నిలిచింది. గుంటూరు అబ్బాయి నోట మొదటిసారి 'తాళు' విన్నరోజు మావాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

2012 సెప్టెంబరు 25న పదకొండో క్లాసు వచ్చింది, మాంక్ అని. మన సన్న్యాసికీ వాడికీ పోలిక లేదు, చైనా సినిమాల్లో సాము చేసేవాడు. మావాళ్ళు 'సాములోడు' అన్నారు. చచ్చినోడిలా పైమెట్టు మీద పుట్టించకుండా వీణ్ణి ఒకటో మెట్టు నుంచే నడిపించారు. ఈ పద్ధతే మేలని నా ఉద్దేశం. వాడికి మూడు దార్లు. గాయాలు మాన్పే దారి ఒకటి, కొట్టే దారి ఒకటి, మూడోది బ్రూమాస్టర్ అనే గోడ దారి. ఈ గోడ కల్లుకుండ నడుముకు కట్టుకొని తూలుతూ నిలబడుతుంది. దాని విద్య చూసి బ్యాంకువాణ్ణి నేను ముచ్చటపడిపోయాను. దెబ్బ పడితే అంతా ఒక్కసారి తినడు. కొంత ఇప్పుడు తిని, మిగతాది వాయిదాల మీద కొన్ని సెకన్ల పాటు తింటాడు. వాయిదాలు మరీ పేరుకుపోతే ఒక గుటక వేసి బాకీలో కొంత మాఫీ చేసుకుంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చూసిన రైతులెవరికీ ఆ గుటక అంత తేలిగ్గా దొరకలేదు.

షోలాపూరు అబ్బాయి తన పాలడిన్‌ను మూలకు పెట్టి సాములోణ్ణి చేసుకున్నాడు. ఒకటి నుంచి తొంభై దాకా ఎక్కి వచ్చి, నేను గోడగా నిలబడతాను అన్నాడు. గుంపులో గోడ ఒకటే ఉంటుంది. మావాడికి మొహం మాడిపోయింది. రెండేళ్ళుగా ఆ చోటు వాడిది. కొత్త క్లాసు వచ్చిందంటే ఆటకు కొత్త రంగు వచ్చిందని కంపెనీ చెప్పుకుంటుంది. కానీ గుంపు అయిదుగురిదే, ఆరో పీట వెయ్యరు. ఎవరో ఒకరు జరగాలి. చచ్చినోడికి కొట్టేదార్లు కూడా ఉన్నాయి. మొదట్లో అయితే వాడు ఏ దారిలోనైనా గోడ కాగలిగేవాడు. 2010 చివర్లో గోడపనిని బ్లడ్ అనే ఒక్క దారికే కట్టేసి మిగతా రెండింటినీ కొట్టేదార్లు చేశారు. అంటే మావాడికి జరగడానికి చోటు ఉంది, మనసే లేదు.

"ఇన్నొద్దులు నువ్వు దెబ్బలు తిన్నవ్ గద. జర నన్ను తిననియ్యి" అన్నాడు షోలాపూరు అబ్బాయి.

మావాడు రెండు వారాలు మూతి ముడుచుకొని, మూడో వారం జరిగాడు.

ఆ సాములోడితో పాటే పాండారెన్ అనే కొత్త జాతి వచ్చింది, ఎలుగు రూపం. వాళ్ళు ఏ పక్షమూ కాకుండా ఒక ద్వీపంలో పుడతారు. నిజానికి అది ద్వీపం కాదు, సముద్రంలో ఈదే తాబేలు వీపు. పదో మెట్టు దగ్గర అలయన్సో హోర్డో తేల్చుకోవాలి. తేల్చుకున్న తర్వాతే అసలు సంగతి. ఈ ఆటలో అవతలి పక్షంవాడు ఏదైనా టైపు చేస్తే మనకు అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. హోర్డ్ వాడు నవ్వుతూ 'లోల్' అని కొడితే అలయన్స్ వాడికి 'కెక్' అని కనిపిస్తుంది. మరి పాండారెన్లు అటూ ఇటూ ఉన్నారు కదా, వాళ్ళ భాష ఒకటే కదా అని నేను అడిగాను. పేరు ఒకటేనట. పక్షం ఎంచుకున్న క్షణం నుంచి అటువైపు పాండారెన్ భాష ఇటువైపు పాండారెన్‌కు అర్థం కాదు. రెండు పక్షాలూ మాట్లాడుకునే కంత లేకుండా అట్లా చేశారు.

నేను స్టూలు మీదినుంచి లేచి మంచినీళ్ళు తాగివచ్చాను. 1956 నవంబరు 1న రాష్ట్రాలు భాషల ప్రకారం సర్దినప్పుడు మా హోసూరు సేలం జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మా నాయనకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. అటా ఇటా అని ఆయన్ను తాబేలు మీద నిలబెట్టి ఎవరూ అడగలేదు. బరంపురం వాళ్ళనూ అడగలేదు, వాళ్ళు అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే, 1936లో, ఒరిస్సాలోకి పోయారు. అంతమాత్రాన మన మాట వాళ్ళకు 'కెక్' అని వినిపించలేదనుకోండి. ఎల్దాం అంటే వెళ్ళాం.

పన్నెండో క్లాసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2016 ఆగస్టులో డీమన్ హంటర్ వచ్చాడు. ఎల్ఫులకు తప్ప ఇతర జాతులకు ప్రవేశం లేదు, అప్పట్లో తొంభై ఎనిమిదో మెట్టు మీద పుట్టుక, కళ్ళకు గంతలు, వీపున రెక్కలు. గుంటూరు అబ్బాయి నాలుగు రోజులు ఆడి వదిలేశాడు. ఆ ఏడాది నాకు నచ్చింది వేరే. ఒక్కొక్క క్లాసుకు ఒక్కొక్క మఠం లాంటిది కట్టించారు. పక్షాలు ఏవైనా చచ్చినోళ్ళంతా ఒకచోట, పూజార్లంతా ఒకచోట. బయట తల తీసుకునేవాళ్ళు అక్కడ పక్కపక్కన నిలబడి ఆయుధాలు పదును పెట్టుకునేవారు. మా ఊరి నేతగాళ్ళూ, షోలాపూరు నేతగాళ్ళూ ఎక్కడైనా కలిస్తే ముందు నూలు ధర మాట్లాడుకుంటారు, భాష సంగతి తర్వాత.

తర్వాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. గుంపు చెదిరింది. 2020లో లాక్‌డౌన్‌లో కొన్ని నెలలు మళ్ళీ కలిశారు, మళ్ళీ ఆపేశారు. 2022 నవంబరులో పదమూడో క్లాసు వచ్చిందని తెలిసి ఆదివారాలు తిరిగి మొదలుపెట్టారు. మావాడు చెన్నైలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు హోసూరు వస్తాడు. స్టూలు బదులు ఇప్పుడు నాకు చేతుల కుర్చీ వేస్తాడు.

ఈ పదమూడోవాడు ఎవోకర్. డ్రాక్తిర్ అనే ఒక్క జాతివాళ్ళే కాగలరు, సగం మనిషి సగం డ్రాగన్. ఎంతో కాలం నిద్రపోయి లేచినవాళ్ళు. ఏ పక్షానికైనా పోవచ్చు. మొదట్లో యాభై ఎనిమిదో మెట్టు మీద పుట్టేవారు. మిగతా మంత్రగాళ్ళు నలభై గజాల దూరం నుంచి మంత్రం వేస్తే వీడు ఇరవై అయిదు గజాల్లోకి రావాలి, అంటే దెబ్బ తగిలే చోటుకు దగ్గరగా. కొన్ని మంత్రాలు మీట నొక్కి పట్టుకొని ఉండాలి. ఎంతసేపు పట్టుకుంటే అంత బలం. తొందరపడి వదిలేస్తే సగం ఫలమే. మావాడు తన సరుకని వీణ్ణి తీసుకున్నాడు.

2023 జూలైలో ఎవోకర్‌కు మూడో దారి కలిపారు, ఆగ్మెంటేషన్ అని. అప్పటికి ఇరవై ఏళ్ళు కావస్తున్న ఆటలో నేను చూసిన కొత్తదనాలన్నిటిలోకీ ఇది మేలైనది. అప్పటిదాకా గోడ, మంత్రసాని, కొట్టేవాళ్ళు, ఇంతే. ఈ దారిలో నడిచేవాడు కొట్టేవాళ్ళ వరసలోనే నిలబడతాడు గాని, తాను కొట్టేది తక్కువ. పక్కవాళ్ళ దెబ్బకు బలం పోస్తాడు. ఎవరెంత కొట్టారో చూపించే పట్టిక ఒకటి ఆటగాళ్ళు తెర పక్కన పెట్టుకుంటారు. ఇతని వల్ల పెరిగిన దెబ్బ ఆ పట్టికలో కొట్టినవాడి పద్దులోనే పడేది. ఇతని పేరు అట్టడుగున ఉండేది. తర్వాత తర్వాత లెక్కలు సవరించి ఎవరి వాటా వాళ్ళకు చూపించే ఏర్పాట్లు వచ్చాయి గాని, మొదటి వారాల్లో అంతే. బ్యాంకులో కూడా పొద్దున్నే వచ్చి తిజోరీ తెరిచిపెట్టేవాడి పని ఏ లెడ్జరులోనూ ఎక్కదు.

ఆ జూలైలో ఒక ఆదివారం బరంపురం అబ్బాయి రాలేదు. అతని బదులు గుంటూరు అబ్బాయి ఆఫీసు మిత్రుడు, హైదరాబాదు కుర్రవాడు చేరాడు. రెండు యుద్ధాలయ్యాక ఆ కుర్రవాడు పట్టిక చూసి, "కింద ఉన్నాయన ఎవరన్నా? ఆయన ప్లేసులో ఇంకొకర్ని తీసుకుందామా?" అన్నాడు. మావాడు అక్కడే ఉన్నాడు, వింటున్నాడు. నేనూ వింటున్నాను.

గుంటూరు అబ్బాయి వాదించలేదు. "సరే, ఒకసారి తీసేసి చూద్దాం" అన్నాడు. మావాడు బయటికి వచ్చాడు, ఎవరో తెలియని వేటగాణ్ణి చేర్చుకున్నారు. నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఆ వేటగాడు పట్టికలో రెండో స్థానంలో ఉన్నాడు. హైదరాబాదు కుర్రవాడి అంకె మాత్రం ఇందాకటికంటే కిందికి దిగింది, గుంటూరు అబ్బాయి అంకె ఇంకా కిందికి దిగింది. రాక్షసుడికి ఇంకా అయిదో వంతు ప్రాణం ఉండగా గోడ పడింది, వెంటనే మంత్రసాని పడింది. కూడికలు వేసి మావాడికి చూపిస్తే చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాణ్ణి మళ్ళీ పిలిచారు. షోలాపూరు గోడ ముందుకు నడిచింది. మావాడు మీట నొక్కి పట్టుకొని "తాళు... తాళు..." అంటున్నాడు.

"తాళు అంటే ఏంది?" అన్నాడు హైదరాబాదు కుర్రవాడు.

"ఆగమని. తెలుగేరా అది," అన్నాడు గుంటూరు అబ్బాయి. "ఇప్పుడు కొట్టు."